స్నానం అయ్యాక

ముప్పై ఏడు డిగ్రీలు. ముప్పై ఆరున్నర కాదు, ముప్పై ఎనిమిదీ కాదు. తొట్టిలో తేలే ప్లాస్టిక్ బాతు పొట్టకింద థర్మామీటరు ఉంటుంది, ఆ బాతు సరేనన్నాకే పిల్లని నీళ్లలో దించాలి. లావెండర్ నూనె రెండు చుక్కలు, రెండే, మూడోది పడితే నిద్ర రావడం మాట అటుంచి ఉన్న మత్తు కూడా ఎగిరిపోతుందట. చెప్పింది అల్మాటీలో కూర్చున్న నిద్ర నిపుణురాలు, ఫోన్లో, గోళ్లకి గులాబీ రంగు వేసుకుని, వెనకాల తెల్ల గోడ, తెల్ల సోఫా, ఆ సోఫా మీద ఒక్క మరక లేదు, పిల్లలున్న ఇంట్లో సోఫా మీద మరక లేకపోవడమేమిటని అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఇరవై ఒక్క రోజులు, గౌహర్ గారూ, రోజూ అదే వేళకి, అదే వరుసలో, స్నానం, తువ్వాలు, పాదాలకి నూనె, చిన్న దీపం, అంతే, మెదడు దానంతటదే నేర్చుకుంటుంది అంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు. స్నానం అయింది, తువ్వాలు అయింది, పాదాలకి నూనె రాసి రాసి నా బొటనవేళ్లు పీకుతున్నాయి, దీపం వెలుగుతోంది. ఎనిమిదీ పది. పిల్ల కళ్లు రెండూ ఇంతింత తెరుచుకుని పైకప్పు వంక చూస్తోంది.

కిటికీకి ఉన్ని దుప్పటి కట్టాను. అయినా జూన్ నెల వెలుగు దుప్పటి అంచుల చుట్టూ దూరి వస్తూనే ఉంది, అవతల బొగ్గుగని గుట్ట మీద ఇంకా ఎండ పడుతోంది, ఈ ఊళ్లో జూన్‌లో తొమ్మిదయినా చీకటి పడదు, సూర్యుడికి కూడా ఎవరైనా స్నానం చేయించి లావెండర్ రాస్తే బాగుండును. తొట్టిలో నీళ్లు ఇంకా దిగుతున్న చప్పుడు, గుటక్ గుటక్‌మని, ఆ గొట్టం బాగు చేయించమని మా ఆయన ఎర్మెక్‌కి మార్చి నుంచీ చెబుతున్నాను. వద్దు, ఇప్పుడు ఎర్మెక్ మీద కోపం తెచ్చుకోకూడదు, పక్కలో ఉన్నవాళ్ల ఊపిరి నెమ్మదిగా ఉంటే పిల్ల ఊపిరి నెమ్మదిస్తుందని కూడా ఆవిడే చెప్పింది. నెమ్మదిగా పీలుస్తున్నాను. నాకు నిద్ర వస్తోంది. దీనికి రాదు. బల్జాన్, కళ్లు మూసుకో తల్లీ అంటే, సరే వదినా అని మూసుకుంటుంది, అరనిమిషం, రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి, మళ్లీ తెరుస్తుంది.

వదినా. నేను కన్నదాన్ని, ఇరవై మూడు గంటలు నొప్పులు పడి కన్నదాన్ని, అది నన్ను వదినా అంటుంది. అనాలి కూడా. తొలి బిడ్డ తాతా నానమ్మలది. అత్తయ్య దీనికి అమ్మ, మామయ్య దీనికి నాన్న, ఎర్మెక్ అన్నయ్య, అన్నయ్య పెళ్లాన్ని కాబట్టి నేను వదిన. మా పల్లెల్లో ఇది ఎవరికీ వింత కాదు. ఎర్మెక్ కూడా వాళ్ల తాత దగ్గరే పెరిగాడు, సొంత తండ్రిని ఇప్పటికీ మొదట అన్నా అనబోయి నాలిక కరుచుకుంటాడు. ఆయనకి ఈ వరస హాయిగా ఉంది. సాయంత్రం చెల్లికి మిఠాయి తెస్తాడు, ముక్కు పిండుతాడు, ఆ తర్వాత అన్నయ్యగారు పక్కగదిలో ఫుట్‌బాల్ చూసుకోవడానికి వెళ్లిపోతారు. ఇప్పుడు కూడా ఆ గదిలోంచి జనం అరుపు సన్నగా వినిపిస్తోంది, గొంతు నొక్కి పెట్టిన అరుపు, సౌండు తగ్గించాడు పాపం, అంతవరకూ సాయం చేశాడు.

రేపు పదింటికి మామయ్య దీన్ని తీసుకెళ్లడానికి వస్తారు. దీనికి చెప్పలేదు. కర్కరాలి కొండల అవతలి నుంచి నాలుగు గంటల దారి, తెల్లవారుజామునే కారు తీస్తారు, మేము ఈ రాత్రి ఫోన్ చేసి వద్దంటే తీయరు. అత్తయ్యకి కంటి ఆపరేషను అయింది, నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరకి పోకూడదు, అందుకని పిల్లని మాకు పంపారు, లేకపోతే పంపే మనిషి కాదు. పంపేటప్పుడు ఆవిడే అంది, ఆ మాట ఆవిడే అంది, నేను అడగలేదు. అయిదేళ్లు నిండాయి, వచ్చే ఏడు బడి, మా పల్లె బడిలో ఆరుగురు పిల్లలే మిగిలారు, పట్నంలో నీ దగ్గర నిలదొక్కుకుంటే నీ దగ్గరే ఉండనీ, నేను అడ్డురాను. కానీ ఏడ్చే పిల్లని ఉంచుకోకు. రాత్రి దిండు మీద తల పెట్టి దానంతటది నిద్రపోయిందా, ఫోన్ చెయ్యి, ఆయన్ని ఆపేస్తాను. నెల రోజులు చూస్తాను. ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషిని ఎలా తిట్టుకోవాలో కూడా తెలియదు. దుర్మార్గురాలైతే ఎంత బాగుండేది.

నెల అయిపోతోంది. పిల్ల ఏడవదు, అదే వచ్చిన చిక్కు. ఏడిస్తే ఓదారుస్తాను. ఊరికే పడుకుని ఉంటుంది, పదకొండు దాకా, పన్నెండు దాకా, ఆఖరికి ఒళ్లు అలిసి కూలిపోయినట్టు పడిపోతుంది, పొద్దున కళ్లకింద నల్లగా చారలు. నాలుగు రోజులకోసారి అత్తయ్య వీడియోలో చూస్తుంది, ఒక కంటికి కట్టుతో, ఆ మిగిలిన ఒక్క కన్నే చాలు ఆవిడకి. పిల్ల చిక్కిందేమే అంటుంది. లేదత్తయ్యా, వెలుతురు అలా పడింది అంటాను.

ఇది పుట్టిన నలభయ్యో రోజున మా ఇంట్లో ఆడవాళ్లందరూ గిన్నె చుట్టూ కూర్చున్నారు, గిన్నెలో వెండి ఉంగరాలు, నాణేలు, గోరువెచ్చటి నీళ్లు, ఒక్కొక్కరూ చెంచాతో పోస్తూ ఒక్కో దీవెన, నలభై చెంచాలు, నీళ్లలో వేలెడంత పిల్ల గుప్పిళ్లు బిగించి నా వైపే చూస్తోంది, లేక నా వైపు చూస్తోందని నేను అనుకున్నాను. నలభయ్యో చెంచా అత్తయ్యది. పోసి, తువ్వాలులో చుట్టి, ఎవరినీ అడక్కుండా, ఇది నాది అంది. అందరూ నవ్వి దీవించారు. నేనూ నవ్వాను. అప్పటికి ఇరవై రెండేళ్లు నాకు, ఫార్మసీ కాలేజీ ఆఖరి పరీక్షలు ఆరు నెలల్లో, రాత్రిళ్లు పుస్తకం మీద తల వాల్చి పాలిస్తూ నిద్రపోయేదాన్ని. పాలు మానిపించాక తీసుకెళ్లారు. కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి మంచం మీద పడి పద్నాలుగు గంటలు నిద్రపోయాను. ఏడవలేదు. తేలికగా అనిపించింది. ఈ మాట ఎర్మెక్‌కి కూడా చెప్పలేదు. ఆ తర్వాత మళ్లీ కడుపు పండలేదు, డాక్టర్లు నాలో లోపమేమీ లేదంటారు, లేకపోతే ఎందుకు పండలేదో చెప్పరు, ఆ పద్నాలుగు గంటల నిద్రకి ఎవరో నా దగ్గర ఇలా బదులు తీర్చుకుంటున్నారని ఒక్కోసారి అనిపిస్తుంది. పిచ్చి ఆలోచన. చదువుకున్నదాన్ని.

చదువుకున్నదాన్ని కాబట్టే మందుల షాపులో బల్ల వెనక నిలబడి రోజూ పది మందికి నిద్ర మూలికల పొట్లాలు అమ్ముతాను. చామంతి ఉంది, పుదీనా జాతిది ఒకటి ఉంది, నీళ్లలో మరిగించి వడకట్టి తొట్టిలో పొయ్యండి, పదిహేను రోజుల్లో మీ బాబు గుర్రు పెడతాడు అంటాను, అంత ధీమాగా. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అదీ నా బతుకు. ఆ పొట్లాలు నాలుగు రకాలూ అయిపోయాయి. కింది ఇంటి రాయా అక్క మెట్లెక్కి వచ్చి, ఇది నిద్ర జబ్బు కాదమ్మాయ్, దిష్టి అని, గరిటెలో అద్రాస్పాన్ ఆకు రాజేసి, పిల్ల చుట్టూ, మంచం చుట్టూ, నా చుట్టూ తిప్పి, ఆఖరికి ఎర్మెక్ టీవీ చుట్టూ కూడా తిప్పింది, దిష్టి దానికే ఎక్కువ తగిలిందేమో అంటూ. ఇల్లంతా పొగ. పిల్ల దగ్గుతూ నవ్వింది, ఈ ఇంటికొచ్చాక అంత నవ్వడం అదొక్కసారే. నిద్ర మాత్రం రాలేదు.

పోయిన వారం నాకు నేనుగా గొప్ప తెలివి చూపించాను. దీనికి లావెండర్ ఏం తెలుసు, ఎక్కడో సముద్రాలవతల పూచే పువ్వు, దీని ముక్కుకి తెలిసింది బయలు మాచిపత్రి, వాళ్ల పెరటి నుంచి కొండదాకా అదేగా, చేదు వాసన, గొర్రెల డెక్కలకింద నలిగి సాయంత్రాలు ఇంట్లోకి వచ్చేది. సంతలో ముసలాయన దగ్గర కట్ట కొని స్నానపు నీళ్లలో వేశాను. దాని ముఖం వెలిగిపోయింది. నిజంగా, దీపం పెట్టినట్టు. నీళ్లలో ముక్కు ముంచి పీల్చింది. నా గుండె ఎగిరిపడింది, దొరికిందిరా తాళంచెవి అనుకున్నాను. తొట్టిలోంచి దిగీ దిగగానే రాత్రి గౌను తోసేసి పూల గౌను కావాలంది, మేజోళ్లు కావాలంది, బాతు నాది నాకిచ్చెయ్యి అని చంకలో పెట్టుకుంది, తనంతట తనే మరుగుదొడ్డికి వెళ్లొచ్చి మంచం అంచున కూర్చుంది. పడుకో అంటే పడుకోదు. ఆ రాత్రి ఒంటిగంట అయింది. మాచిపత్రి కట్ట చెత్తబుట్టలో వేశాను, తర్వాత నా చేతుల వాసన నాకే ఏడుపు తెప్పించింది.

మధ్యలో మూడు రోజులు పడుకుంది. అదీ నన్ను వేధిస్తున్న సంగతి. మునిసిపాలిటీ వాళ్లు గొట్టాలు బాగుచేయడానికి ఎండాకాలం వేడినీళ్లు ఆపేస్తారు కదా, ఆ వారం ఆపేశారు, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి పడుకోబెట్టాను, గుండె దడదడలాడుతూ, వరుస తప్పిపోయిందే అని. తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయింది. మూడు రోజులూ. వారం నిలబడనీ, అప్పుడు అత్తయ్యకి ఫోన్ చేద్దామనుకున్నాను. ఎగిరి గంతేసి నిపుణురాలికి చెబితే, చూశారా, చేసిన స్నానాల ఫలితమంతా ఇప్పుడు కూడి వచ్చింది, ఇక్కడ ఆపారో మొదటికొస్తుంది, ఎలాగైనా కొనసాగించండి అంది. నాలుగో రోజు నుంచి రెండు పెద్ద గిన్నెలు, ఒక కెటిలు, పొయ్యిమీంచి తొట్టికీ తొట్టి నుంచి పొయ్యికీ, మణికట్టు కాల్చుకుని మరీ కొనసాగించాను. మొదటికి వచ్చింది.

కింద పెరట్లోకి ఏదో కారు వచ్చింది. చూడు, చూడు, తల లేపేసింది. ప్రతి కారుకీ ఇంతే. మెడ చాపి వింటుంది, తలుపు పడిన చప్పుడు, మెట్ల మీద అడుగులు, రెండో అంతస్తు, మూడో అంతస్తు, మనది నాలుగు, అడుగులు మూడులోనే ఆగిపోయాయి, తల మళ్లీ దిండుకి ఆనించింది. ఈ పెరట్లో కార్లు పెట్టేవాళ్లందరి టైర్లూ కోసెయ్యాలని ఉంది. పక్కన పడుకుని దాని మెడలో ముక్కు పెట్టి వాసన చూశాను. లావెండర్. బజారు లావెండర్. ఇరవై ఆరు రోజులు కడిగి కడిగి అత్తయ్య వాసన పోగొట్టాను, పాల మీగడా, పొయ్యి పొగా, గొర్రె ఉన్నీ కలిసిన ఆ వాసన, వచ్చిన రోజున దీని జుట్టులోంచి గుప్పున కొట్టి నాకు ఒళ్లు మండింది. పోగొట్టాను సరే, నా వాసన వచ్చిందా, రాలేదు. ఎవరి వాసనా లేని పిల్ల తయారయింది. దీని కోసం నేను పెట్టిన ఈ తంతు అంతా దీని నిద్రకా, లేక నానమ్మని కడిగెయ్యడానికా అని మొదటిసారి నన్ను నేనే అడిగాను, అడగగానే ఇంకా కోపం వచ్చింది, అత్తయ్య మీద, గులాబీ గోళ్ల మీద, ఫుట్‌బాల్ మీద, ఆఖరికి, దేవుడు క్షమించాలి, ఈ కళ్లు తెరుచుకున్న అయిదేళ్ల పిల్ల మీద.

ఎనిమిదీ ముప్పై అయిదు. లేచి కూర్చున్నాను. నెమ్మది ఊపిరి, సన్న గొంతు, అన్నీ మంటగలిశాయి.

"ఎందుకు పడుకోవు నువ్వు? ఏం తక్కువ చేశాను చెప్పు. నీళ్లు పోశానా, నూనె రాశానా, ఇంకేం కావాలి నీకు?"

గొంతు గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. పక్కగదిలో టీవీ ఆగిపోయింది. పిల్ల భయపడలేదు. నా వంక చూసింది, పెద్దవాళ్లు అర్థం లేకుండా మాట్లాడితే అత్తయ్య చూసే చూపే అది, అచ్చు అలాగే.

"నేను తయారుగానే ఉన్నాగా వదినా. నువ్వేగా రోజూ నీళ్లు పోస్తావు. మరి ఎవరూ రారేం?"

ఎవరు రావాలి అన్నాను. నాన్న, కారు అంది. స్నానం అయ్యాక ఊరెళ్తారు కదా, అది కూడా తెలియదా నీకు అన్నట్టు చెప్పింది.

నాకు ఒక్కొక్కటే వచ్చి తగలడం మొదలైంది. అక్కడ వారానికోసారి ఆడవాళ్లందరితో కలిసి ఆవిరి గదిలో ఒళ్లు రుద్దించుకోవడమే తప్ప, ఇంట్లో, ఒక్కదానికి, వాసన నీళ్లు పోశారంటే అది ప్రయాణానికే. అత్తయ్య పట్టింపు అది, ప్రయాణమయ్యే పిల్ల శుభ్రంగా, కమ్మటి వాసనతో పోవాలి, వెళ్లిన చోట తల్లిని ఎవరూ మాట అనకూడదు. పొయ్యి పక్కన తొట్టి పెట్టి, దాచుకున్న స్ట్రాబెర్రీ సబ్బు బయటికి తీసి, రుద్ది రుద్ది, పూల గౌను వేసి, మరుగుదొడ్డికి వెళ్లి రా, దారిలో ఆపరు అని పంపి, ఎండ తగ్గాక మామయ్య కారు తీస్తారు. పెళ్లికి అంతే, విందుకి అంతే. ఇక్కడికి వచ్చిన రోజూ అంతే, ఎండ తగ్గాకే బయలుదేరారు, ఇదే వెలుగు, ఇదే వేళ, అర్ధరాత్రికి పిల్ల ఒంటి మీద సబ్బు వాసనతో, జుట్టులో ఆవిడ వాసనతో నా గుమ్మంలో నిలబడింది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ ఇంటి కోడలిని, నన్నే ఆవిడ ప్రతిసారీ అలా తలంటి పంపింది, నా తల మీద కూడా ఆ నీళ్లు పడ్డాయి. ఒక్కసారి తట్టలేదు. రోజూ సాయంత్రం ఏడున్నరకి, బాతు పెట్టి కొలిచి, చుక్కలు లెక్కపెట్టి, ఇవాళ నిన్ను మీ ఇంటికి పంపిస్తున్నానని నా చేతులతో దీనికి చెప్పాను. తర్వాత దీపం తగ్గించి కిటికీకి దుప్పటి కట్టాను. ఇరవై ఆరు సార్లు, కాదు, ఆ మూడు రోజులు తీసేస్తే ఇరవై మూడు. అది ఏడవకుండా, అడగకుండా, వదిన ఆలస్యం చేస్తోంది కాబోలని మర్యాదగా ఎదురుచూసింది. ఏ నానమ్మ పెంచితే అలా ఎదురుచూస్తుంది పిల్ల.

చెప్పెయ్యవచ్చు, స్నానానికీ ఊరికీ సంబంధం లేదమ్మా, ఇక్కడ ఇది నిద్రకి అని. రేపటి నుంచి నీళ్లు మానేసి తడిగుడ్డ పెడితే వారంలో తొమ్మిదికల్లా పడుకుంటుంది, అది రుజువైందే, ఆ మూడు రోజులే రుజువు. ఆ వెనక ఏదో ఒక రోజు వదినా అనడం మానేస్తుందేమో. తాళంచెవి దొరికింది, ఇప్పుడు నిజంగా దొరికింది. నోరు తెరిచాను. అది నా నోటి వంకే చూస్తోంది, మోచేతుల మీద లేచి, తడి జుట్టు నుదుటికి అంటుకుని.

"రేపు వస్తారు" అన్నాను. "నాన్న. పొద్దున పదింటికి."

"నిజంగా?"

"నిజంగా."

కాసేపు నన్ను పరిశీలించింది. అయితే రేపు మళ్లీ పొయ్యాలి నీళ్లు, ఇవాళ్టిది చెల్లదు అంది. సరే అన్నాను. అటు తిరిగింది, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుంది, బరువైన నిట్టూర్పు ఒకటి, ముసలమ్మలా, నా చెయ్యి లాక్కుని చెంపకింద పెట్టుకుంది. ఇంకో కారు వచ్చింది. తల లేవలేదు. ఎనిమిదీ నలభై రెండు. కళ్లు మూతబడ్డాయి, రెప్పలకింద గుడ్లు కదలడం లేదు, చెంప బరువు కొద్దికొద్దిగా పెరిగి నా అరచేతిలో పూర్తిగా దిగింది. ఇంత బరువుంటుందని తెలియదు నాకు. నెల రోజుల్లో ఈ బరువు ఇదే మొదటిసారి నాకు తగలడం, ఇన్నాళ్లూ నిద్రపోయాక దుప్పటి కప్పి వచ్చేదాన్ని, అంతే.

ఎర్మెక్ తలుపు సందులోంచి చూశాడు. గడియారం చూశాడు, మళ్లీ పిల్లని చూశాడు, ముఖం విప్పారింది. మేజోళ్లతో నిశ్శబ్దంగా వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు, నా భుజం నొక్కాడు, తొమ్మిది కూడా కాలేదు, గౌహర్, సాధించావు అన్నాడు గుసగుసగా. ఇంతకాలం అన్నయ్యలా తిరిగిన మనిషి వేలితో పిల్ల చెవి వెనక తడి జుట్టు సర్దాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. అమ్మకి చెప్పేస్తాను, నాన్న పడుకోకముందే, రేపు బయల్దేరొద్దని.

"చెయ్యకు" అన్నాను.

అర్థం కాలేదు ఆయనకి. నిద్రపోయింది కదా, మాట మాటే కదా, అమ్మ మాట తప్పదు అన్నాడు. అవును, ఆవిడ తప్పదు. ఫోన్ వెలుగు పిల్ల ముఖం మీద పడుతుంటే అరచేయి అడ్డం పెట్టి దాన్ని కిందికి దించాను.

"రానీ ఆయన్ని. వస్తారని చెబితేనే పడుకుంది. నా మాట నమ్మి పడుకోవడం ఇదే మొదటిసారి."